మేము వ్యాను కొన్న విధము

వార్షిక సంచికకు వ్యాసం కావలెనని సంపాదకులు అడిగినప్పుడు, తెలుగు శాఖ నుండి ప్రబంధ కవుల వర్ణనలను గూర్చియో, శతక వాఙ్మయాన్ని గూర్చియో నాలుగు పుటలు వస్తాయని వారు ఆశించి ఉంటారు. ఆ ఆశను భంగపరుస్తున్నందుకు మన్నింపు కోరుతున్నాము. గడచిన కొన్ని సంవత్సరాలలో మేము ప్రబంధాల కంటె ఎక్కువ శ్రద్ధతో చదివినది పాత డీజిలు వ్యానులను. మొదటిదానిని చదువకుండా కొన్నాము. రెండవదానిని చదివి కొన్నాము. ఈ రెండు కొనుగోళ్ళ నడుమ పోయిన సొమ్ము ఎంతో కమిటీ పెద్దలకు లెక్కల రూపంలో తెలుసు. లెక్కలలోకి రానిది కూడా కొంత పోయినది. అది చెప్పుటకే ఇది వ్రాస్తున్నాము.

2021లో కరోనా విరామం తరువాత కళాశాల తిరిగి తెరచినప్పుడు, చెన్నూరు, ఖాజీపేట దారిలోని పల్లెల నుండి వచ్చే పదకొండుమంది ఆడపిల్లలకు ఉదయపు బస్సు వేళ తప్పినది. అంతకు ముందు తొమ్మిదికే కడపలో దింపే బస్సు అప్పటినుండి పదిన్నర దాటిగాని వచ్చేది కాదు. మొదటి రెండు పీరియడ్లు పోయేవి. సాయంకాలం ఇల్లు చేరేసరికి చీకటి. ఆటోలలో పంపుటకు తండ్రులు సమ్మతించలేదు. వారి భయం అకారణమని మేము అనలేము. "కాలేజీవాళ్ళే ఒక బండి పెడితే పంపుతాం సార్" అని నలుగురు తండ్రులు ప్రిన్సిపాలుగారి గదిలో నిలబడి చెప్పి వెళ్ళారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

కొత్త వ్యాను ధర విని కమిటీవారు మౌనం వహించారు. పాతది కొనుటకు ఒప్పుకున్నారు. చందాలు వసూలైనవి. బియ్యం వ్యాపారులు ఇచ్చారు; గల్ఫులో ఉన్న పూర్వవిద్యార్థులు పంపారు; ఇంట కుట్టుపని చేసుకొనే ఒక తల్లి ఐదువందల నోటును నాలుగు మడతలు పెట్టి మా చేతిలో ఉంచి రసీదు వద్దన్నది. మొత్తం 3,40,000 రూపాయలు. ఆ సొమ్ము మాది కాదు, అమానతు. దానిని ఖర్చుపెట్టే భారం ముగ్గురు అధ్యాపకుల మీద పడినది: తెలుగు చెప్పే మేము, ఉర్దూ చెప్పే మిత్రులు, భౌతికశాస్త్రం చెప్పే మిత్రులు. ముగ్గురిలో ఒక్కరికైనా సొంత కారు లేదు. భౌతికశాస్త్రం వారికి యంత్రముల విషయం తెలిసి ఉంటుందని కమిటీవారు, మేము కూడా, అనుకున్నాము. వారు మాత్రం అనుకోలేదట. ఆ సంగతి తరువాత చెప్పారు.

ఒక మధ్యవర్తి చూపిన మొదటి వ్యాను చూచిన వెంటనే నచ్చినది. తెల్లని కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, నేలపై కొత్త మ్యాటు. బానెట్టు ఎత్తితే ఇంజను సహితం కడిగి నూనె రాసినట్లు నిగనిగలాడుతున్నది. చేయి పెడితే వెచ్చగా ఉన్నది. మనము వస్తున్నామని ముందే సిద్ధం చేసి ఉంచారు, ఎంత మర్యాదస్థులు అని సంతోషించాము. తాళం తిప్పగానే ఒక్క మాట కూడా ఎదురాడక మొదలైనది. మీటరు 68,000 కిలోమీటర్లు చూపుతున్నది. ఇంతలో టీ వచ్చినది. టీ త్రాగిన తరువాత అనుమానంగా ప్రశ్నలు వేయుట బాగుండదని మాకు తోచినది. దీనినే ఉర్దూలో తకల్లుఫ్ అంటారు, తెలుగులో మొహమాటం అంటారు. రెండు భాషల కళాశాలవారము గనుక మాకు రెండూ సమృద్ధిగా ఉన్నవి. 3,10,000కు బేరం కుదిరినది. కాగితాలు నెలలో వస్తాయన్నారు. పైకం అంతా ఆ పూటే ఇచ్చివేశాము.

ప్రతి సంవత్సరం మొదటి ఏటి తరగతిలో వేమన మేడిపండు పద్యం మేమే చెప్పుతాము. ఆ సంగతి ఆనాడు ఒక్కసారి కూడా స్మరణకు రాలేదు.

డిసెంబరు నెల, మూడవ వారం. సాయంకాలం చెన్నూరు దాటి, పెన్న వంతెన దాటిన తరువాత, వ్యాను వెనుక నుండి తెల్లని పొగ లేచినది. వేడి ముల్లు ఎర్రగీతకు చేరినది. డ్రైవరు కంగారులో కాగి ఉన్న రేడియేటరు మూత తిప్పాడు. మరిగే నీరు ఎగసి అతని ముంజేయి కాలినది. ఇంజను మరి మొదలుకాలేదు. డిసెంబరులో ఆరు గంటలకే చీకటి. రోడ్డు ప్రక్కన పదకొండుమంది పిల్లలు, పుస్తకాల సంచులతో. మేము కబురందుకొని ఆటోలో చేరేసరికి ఏడున్నర. తండ్రులు, అన్నలు ఒక్కొక్కరే మోటారు సైకిళ్ళపై వచ్చి తమ పిల్లలను ఎక్కించుకొని పోయారు. మమ్ము ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరునాటి నుండి ఇద్దరు రాలేదు. ఒకామె సంక్రాంతి తరువాత వచ్చినది. రెండవ అమ్మాయి బి.ఏ. రెండవ సంవత్సరం. మొల్లను గూర్చి ఈ సంచికకే వ్యాసం వ్రాస్తూ, మొదటి మూడు పుటలు దిద్దిపెట్టమని మాకు ఇచ్చి ఉన్నది. మేము వారి ఇంటికి వెళ్ళాము. తండ్రి మజ్జిగ ఇప్పించి, "మీ మీద కోపం లేదు సార్. బండి మీద నమ్మకం లేదు" అన్నాడు. మే నెలలో ఆమె పెండ్లి జరిగినది. ఆ మూడు పుటలు మా బల్ల సొరుగులో ఉన్నవి.

చెడిన వ్యానును తాడు కట్టి లాగించుకొని కడపలో ఒక పాత షెడ్డుకు చేర్చాము. అక్కడి మిస్త్రీని అందరూ ఉస్తాద్ అంటారు. అరవై దాటిన మనిషి. పదేండ్ల వయసులో షాగిర్దుగా చేరి పానాలు అందించిన నాటి నుండి ఆ పనిలోనే ఉన్నాడు. ఆయన ఇంజను ఆయిలు మూత తీసి, దాని లోపలి వైపు మాకు చూపాడు. చాయ్ మీద మీగడ వలె తెల్లని జిగట. "నీళ్ళు ఆయిల్‌లో కలిసినాయి సార్. హెడ్డు చీలింది. ఈ రోగం ఈ పొద్దు వచ్చింది కాదు, మీరు కొనకముందే ఉండాది" అన్నాడు. రేడియేటరులో ఏదో పొడి కలిపి, చిల్లిని కొన్నాళ్ళకు పూడ్చి అమ్మినట్లు అడుగున పేరుకున్న మడ్డిని బట్టి చెప్పాడు. తరువాత ఒకే ప్రశ్న వేశాడు.

"మీరు చూసేదానికి పోయినప్పుడు ఇంజను సల్లగుండెనా, కాగి ఉండెనా?"

కాగి ఉన్నదని చెప్పాము. ఆయన నవ్వలేదు. "బండిని నిద్రలో ఉండంగ చూడల్ల సార్. లేపి, మొగం కడిగి, పౌడరు పూసినంక చూస్తే అందరూ అందగాళ్ళే" అన్నాడు.

ఈ మాటలోని శాస్త్రం మా భౌతికశాస్త్ర మిత్రులు ఆ రాత్రి వివరించారు. పుస్తకంలో తాము చెప్పేదే షెడ్డులో విన్నందుకు వారు కొంత సిగ్గుపడినట్లు కూడా కనిపించారు. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని నిప్పురవ్వ వెలిగిస్తుంది. డీజిలుకు నిప్పురవ్వ లేదు. గాలిని ఇరవై వంతుల నుండి ఒక వంతుకు దగ్గరగా నొక్కివేస్తే ఆ ఒత్తిడికే అది వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు తానే మండుతుంది. కనుక ఆ ఇంజనుకు ప్రాణం ఒత్తిడిలో ఉన్నది. పిస్టను రింగులు అరిగినా, వాల్వులు సరిగా మూసుకోకపోయినా, గాలి జారిపోయి ఒత్తిడి తగ్గుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు లోహం ఆ కొద్ది వేడిని కూడా పీల్చివేస్తుంది గనుక, అరిగిన ఇంజను ఉదయాన మొండికేస్తుంది, తెల్లపొగ కక్కుతుంది. ఒక్కసారి కాగిన తరువాత అదే ఇంజను బుద్ధిమంతుని వలె నడుస్తుంది. ముందుగా వేడిచేసి ఉంచిన ఇంజనును మేము మర్యాద అనుకున్నాము.

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరంలో ఈ యంత్రాన్ని జయప్రదంగా నడిపి చూపాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు. వేరుశనగ పండే సీమవారము గనుక ఈ సంగతి ఇక్కడ చెప్పకుండ ఉండలేకపోయాము.

పాత వ్యానును తుక్కు ధరకు, 90,000కు వదలుకున్నాము. మరల చందాల పుస్తకం పట్టుకొని అవే గుమ్మాలు ఎక్కుట మా ఉద్యోగ జీవితంలో కష్టమైన పని. ముగ్గురము తలా ఒక నెల జీతం మొదటి పుటలో వ్రాసి, ఆ పుట చూపించి అడిగాము. కుట్టుపని చేసే ఆ తల్లి ఇంటికి వెళ్ళలేదు.

2022 వేసవిలో ఉస్తాదును వెంటబెట్టుకొని మరల బయలుదేరాము. రెండు నెలలలో ఆరు వ్యానులు చూచాము. ఉస్తాద్ నియమం ఒకటే: ముందురాత్రి నుండి బండిని కదల్చరాదు, ఫజరు నమాజు కాగానే వెళ్ళి చూడవలెను. ఒక యజమాని ఇందుకు ఒప్పుకోలేదు. ఆ బండిని చూడకుండానే వదలివేశాము.

ఆయన చూచే తీరు ఇదీ. మొదట అరచేయి బానెట్టు మీద పెట్టేవాడు. చల్లగా ఉంటేనే రేడియేటరు మూత తీసి లోపల వ్రేలు త్రిప్పేవాడు. నీటిపై నూనె తెట్టు ఉన్నదా, వ్రేలికి తుప్పు మడ్డి అంటుతున్నదా అని. ఆయిలు పుల్ల తీసి చూచేవాడు. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లగా ఉండుట దోషం కాదు, తెల్లగా చిలికినట్లుంటేనే ప్రమాదం. తరువాత మాలో ఒకరిని పొగగొట్టం వెనుక నిలబెట్టి, హీటరు దీపం ఆరినదాకా ఆగి, తాళం తిప్పేవాడు. ఎన్ని తిప్పులకు మొదలైనది, ఎంతసేపు కుంటినది, ఏ రంగు పొగ వచ్చినది అన్నది మేము వ్రాసుకోవలెను. చలికి కొద్దిగా వచ్చి పోయే తెల్లపొగ సహజం; కాగిన తరువాత కూడా వదలకపోతే డీజిలు సరిగా మండడం లేదు, లేదా నీరు లోపలికి చేరుతున్నది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా ఇంజెక్టర్లు ఎక్కువ పోస్తున్నవి. ఇది బాగుచేయదగిన జబ్బు. నీలిపొగ వస్తే ఆయిలు మండుతున్నది. నీలిపొగ చూస్తే ఉస్తాద్ మాట్లాడకుండ చెప్పులు వేసుకొనేవాడు.

ఇంజను ఇరవై నిమిషాలు నడిచిన తరువాత ఆయిలు పోసే మూతను విప్పి, బోర్లా త్రిప్పి, ఆ రంధ్రం మీదనే ఊరక పెట్టేవాడు. మూత కొద్దిగా వణికితే ఫరవాలేదు. మేము చూచిన రెండవ వ్యానులో అది ఎగిరి క్రింద పడినది. అనగా మండిన వాయువు అరిగిన రింగులను దాటి క్రిందికి దిగి, అటునుండి పైకి తన్నుతున్నది. ఆ రోగానికి ఇంజను మొత్తం విప్పుట తప్ప మందు లేదు. ఇంత పెద్ద రహస్యాన్ని అంత చిన్న మూత బయటపెట్టుట చూచి మేము ఆశ్చర్యపోయాము. దానికి పానా కూడా అవసరం లేదు. మొదటి వ్యాను దగ్గర మేము తీయని మూత అదే.

మూడవదానికి పొగ దోషం, నాలుగవదానికి ఛాసిస్ మీద కొత్త వెల్డింగు. ఐదవది అన్ని విధాల బాగున్నది గాని ఛాసిస్ నంబరులో ఒక అంకె కాగితంలోని అంకెతో సరిపడలేదు. యజమాని ముద్రణదోషమన్నాడు. ముద్రణదోషాలు సంచికలలో ఉండవచ్చును గాని ఇనుముపై కొట్టిన అంకెలలో ఉండరాదని మా ఉర్దూ మిత్రులు అన్నారు.

ఆరవది 2014 నాటి వ్యాను. పెండ్లి బృందాలను త్రిప్పే ఒకాయనది. కళ్ళు సరిగా కనపడక బండి నడుపుట మానుకున్నాడు. మీటరు చూచి మేము వెనుకకు తగ్గాము: 1,86,000 కిలోమీటర్లు. ఉస్తాద్ మమ్ము పిలిచి క్లచ్చి పెడలు రబ్బరు చూపాడు. అంచులు అరిగి నున్నబడినది. స్టీరింగు పట్టుకొనే చోట్లు నలిగినవి. డ్రైవరు సీటు ఒక ప్రక్కకు క్రుంగినది. "మీటరు చెప్పిందీ, రబ్బరు చెప్పిందీ ఒకటే మాట సార్. మీ మొదటి బండి గుర్తుందా?" అన్నాడు. గుర్తున్నది. 68,000 చూపిన ఆ వ్యాను పెడలు రబ్బర్లు అరిగి లోపలి ఇనుము తెలుస్తుండేది. మేము చూచికూడా చూడలేదు. పైగా ఈ యజమాని వద్ద ఆయిలు మార్పించిన ప్రతిసారి చీటీ, తారీఖు, కిలోమీటర్ల లెక్క ఒక బిస్కట్టు డబ్బాలో ఉన్నవి. నడవక నిలబడిన బండి కంటె, లెక్కగా నడిచిన బండి మేలని ఉస్తాద్ అభిప్రాయం.

ఖాళీ వ్యాను బయలు నేలపై ఎటూ బాగానే పోతుంది. ఆయన పన్నెండుమందిని కావాలన్నాడు. ఒక ఆదివారం ఉదయం బోధన, బోధనేతర సిబ్బందిలో శరీరభారం గలవారిని ఏరి ఎక్కించుకొని రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటుకు బయలుదేరాము. విద్యావంతులను బరువు కొరకు మాత్రమే ఉపయోగించిన సందర్భం అది ఒక్కటేనని లైబ్రేరియనుగారు అన్నారు. ఎక్కుడులో ఉస్తాద్ కళ్ళు వేడి ముల్లు మీద, చెవులు గేర్ల మీద. ముల్లు సగం దాటలేదు. గట్టిగా లాగినప్పుడు కొంత నల్లపొగ, అంతే. దిగుడులో రెండవ గేరులో వదలి, గేరు తనంతట జారి బయటకు వస్తుందేమో చూచాడు. అడుగున చేరి మరల ఆక్సిలరేటరు తొక్కినప్పుడు నీలిపొగ గుప్పున వస్తుందేమో వెనుక అద్దంలో చూచాడు. బ్రేకు తొక్కితే బండి కొంచెం ఎడమకు లాగినది. అది వ్రాసుకున్నాము. సమతలంలో ఆపి, చేతి బ్రేకు వేసి, మూడవ గేరులో క్లచ్చి మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవలెను. ఆగకుండ తిరుగుతూనే ఉంటే క్లచ్చి ప్లేటు జారుతున్నట్లు. కాస్త ఆలస్యంగా ఆగినది. అదీ వ్రాసుకున్నాము.

గువ్వలచెరువులో అందరూ పాలకోవా తింటున్నప్పుడు ఉస్తాద్ గోనెపట్టా పరచుకొని టార్చితో బండి క్రింద పడుకున్నాడు. మా మిత్రులు, మేము ఒక క్షణం ఒకరినొకరు చూచుకొని, ఇస్త్రీ చొక్కాలతోనే ఆయన ప్రక్కన పడుకున్నాము. కమాను కట్టలలో విరిగిన ఆకు ఉన్నదా, ఛాసిస్ మీద చీలిక ఉన్నదా, మెట్టు క్రింద రేకు తుప్పుపట్టి పొరలుగా లేస్తున్నదా, గేరు పెట్టె నుండి నూనె కారుతున్నదా అన్నవన్నీ పైనుండి చూస్తే కనబడేవి కావు. ఉస్తాద్ జేబులో ఒక అయస్కాంతం ముక్క ఉన్నది. దానిని తలుపుల అడుగున జరుపుతూ పోయాడు. ఒకచోట అంటలేదు, అక్కడ రేకు లేదు, పుట్టీ ఉన్నది. జానెడు మేర మాత్రమే. చక్రాల మీద నాలుగంకెలను చదువుట కూడా అక్కడే నేర్చుకున్నాము: మొదటి రెండు అంకెలు వారం, తరువాతి రెండు సంవత్సరం. కమ్మీ ఎంత మిగిలినా, ఏండ్లు గడచిన రబ్బరును పిల్లల బండికి నమ్మరాదు.

వ్రాసుకున్న లోపాలు చదివి వినిపించగా యజమాని వాదించలేదు. క్లచ్చి, బ్రేకు, రెండు టైర్ల ఖర్చు క్రింద 25,000 తగ్గించి 3,60,000కు ఇచ్చాడు. ఈసారి టీ బేరం అయిన తరువాత త్రాగాము.

కాగితాల విషయంలో ఉస్తాద్ కంటె మా ఆఫీసు సూపరింటెండెంటుగారే ఉస్తాద్. యజమాని మారినట్లు తెలిపే 29, 30 ఫారాలు, అప్పు తీరినట్లు ఫైనాన్సువారు సంతకం చేసే 35వ ఫారం చేతికి వచ్చేవరకు ఆయన చెక్కు చింపి ఇవ్వలేదు. ఛాసిస్ నంబరుపై కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీశారు. పన్ను బకాయి, చలానాలు, ఇన్సూరెన్సు గడువు, రిజిస్ట్రేషనులో వ్రాసిన సీట్ల సంఖ్యకు బండిలోని సీట్లు సరిపోతున్నవా అన్నది చూచారు. అదే రాష్ట్రంలో జరిగిన అమ్మకమైతే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో అధికారికి తెలియజేయవలెను. రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో, ప్రమాదం జరిగితే చట్టం దృష్టిలో యజమాని వారేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పినది. మా మొదటి వ్యాను తుక్కుకు పోయేనాటికి కూడా పాత యజమాని పేరుననే ఉన్నది. ఆ ఆరు వారాలు పదకొండుమంది పిల్లలను ఏ ధైర్యంతో ఎక్కించామో తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకా కొత్త బండి కొనుక్కోరాదా అని కొందరు అడిగారు. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ వంటి ఫిల్టరు ఉంటుంది. తగినంత వేడితో ఎడతెగక నడిస్తేగాని అందులోని మసి కాలిపోదు. ఊరూర ఆగుతూ పోయే చిన్న ప్రయాణాలకు అది మూసుకొనిపోయి ఖర్చు తెస్తుంది. కొందరు దానిని పీకివేసి అమ్ముతారు. అటువంటిది కొనేవారు ఈ సంగతి కూడా విచారించవలెను.

ఆ వ్యానే ఇప్పటికీ నడుస్తున్నది. మీటరు 2,21,000 దాటినది. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనం గనుక ఏటేటా ఫిట్‌నెస్ చేయిస్తున్నాము. ప్రతి ఉదయం డ్రైవరు నీరు, ఆయిలు చూచి రిజిస్టరులో వ్రాస్తాడు. శనివారం సాయంకాలం మేము దానిపై సంతకం చేస్తాము. ఈ సంవత్సరం పదమూడు సీట్లూ నిండినవి, ఇద్దరికి చోటు లేదని చెప్పవలసి వచ్చినది. చలికాలంలో హీటరు దీపం ఆరుటకు కొంత ఆలస్యమవుతున్నది. నాలుగు ప్లగ్గులలో ఒకటి పోయినదని ఉస్తాద్ అనుమానం. వెనుక చక్రాలలో రెండింటి మీద 2319 అని ఉన్నది, అనగా 2019వ సంవత్సరం ఇరవై మూడవ వారం. కమిటీవారు జూన్‌లోగా వాటిని మార్పించుటకు మంజూరు ఇవ్వవలెనని, అర్జీ వేరుగా పెట్టినప్పటికీ, ఇక్కడ కూడా మనవి చేసుకుంటున్నాము.